పచ్చ టిక్కు వచ్చింది సరే.. నడిచిన టెస్టు ఏది?

కోడ్ ఎడిటర్‌లో 'రన్ టెస్ట్' నొక్కడం అందరికీ వచ్చు. ఆ బటన్ వెనక ఏ కమాండ్ నడుస్తుంది, అది ఎక్కడ దారి తప్పుతుంది, దాన్ని ఎలా సరిదిద్దుతారు.. ఈ మూడూ చెప్పగలిగితే ఫ్రెషర్‌గా మీ మాటకు బరువొస్తుంది.

కావలి, నెల్లూరు, విద్యానగర్, గూడూరు.. ఎక్కడ చదువుతున్నా బీటెక్, ఎంసీఏ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి రెజ్యుమెలో 'వీఎస్ కోడ్' అనే మాట చేరిపోతుంది. దాని పక్కనే 'యూనిట్ టెస్టింగ్' అని కూడా రాసేస్తాం. ఇంటర్వ్యూలో ఇలా అడిగారనుకోండి: 'మీ ప్రాజెక్టులో ఒక సూట్‌లో 40 టెస్టులున్నాయి. ఒక్కటే నడపాలి. ఎలా?' 'దాని పైన రన్ టెస్ట్ అని కనిపిస్తుంది సార్, నొక్కుతాను' అంటారు. 'నొక్కాక ఆ ఒక్కటే నడిచిందని మీకెలా తెలుసు?' అని రెండో ప్రశ్న వస్తే?

జవాబు తట్టకపోతే కంగారు పడకండి. ఈ ప్రశ్న మీకే కాదు, ఎడిటర్లు తయారుచేసేవాళ్లకూ తలనొప్పి తెచ్చిందే. గో భాషలో టెస్టిఫై లైబ్రరీతో రాసిన సూట్లు ఇందుకు చక్కటి ఉదాహరణ. ఈ చిక్కును అర్థం చేసుకుంటే టెస్టింగ్ సగం అర్థమైనట్టే. పైగా సర్టిఫికెట్ల కోసం డబ్బు పెట్టకుండా రెజ్యుమెలో చేర్చుకోదగ్గ పని ఒకటి దొరుకుతుంది.

సూట్ అంటే ఏంటి?

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు సాగుచేసే రైతుల కోసం మీరొక చిన్న యాప్ రాస్తున్నారనుకుందాం. అందులో రెండు భాగాలు. ఒకటి నీటి వివరాలు.. పీహెచ్, ఉప్పు శాతం, కరిగిన ఆక్సిజన్. రెండోది మేత లెక్కలు. రెండింటికీ టెస్టులు రాశారు.

గో భాషలో టెస్టు అంటే, 'టెస్ట్' అనే మాటతో పేరు మొదలయ్యే ఒక మామూలు ఫంక్షన్. 'గో టెస్ట్' అనే కమాండ్ అలాంటి ఫంక్షన్లను వెతికి నడుపుతుంది. దానికి తెలిసింది అంతే. అయితే ప్రతి టెస్టుకు ముందు డేటాబేస్ తెరవడం, అయ్యాక మూసేయడం లాంటి పనులు మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తుంది. ఆ విసుగు తప్పించడానికే టెస్టిఫైలో సూట్ అనే ఏర్పాటు ఉంది. ఒక స్ట్రక్ట్ తీసుకుని, టెస్టులన్నీ దాని మెథడ్లుగా రాస్తారు. ఏర్పాట్లన్నీ ఒకేచోట పెట్టుకుంటారు.

ఇక్కడో మెలిక ఉంది. మెథడ్లు 'గో టెస్ట్' కంటికి నేరుగా కనిపించవు. అందుకే ఒక మామూలు టెస్ట్ ఫంక్షన్ రాసి, దాని లోపల 'సూట్ డాట్ రన్' అని పిలుస్తారు. మన సౌకర్యం కోసం దీన్ని గేటు ఫంక్షన్ అందాం. రొయ్యల ఫారానికి గేటు ఎలాగో సూట్‌కు ఇది అలాగ. గేటు తీస్తేనే లోపలి గుంటల దగ్గరికి వెళ్లగలం.

మీ యాప్‌లో రెండు సూట్లున్నాయి.. నీటి సూట్, మేత సూట్. రెండింటికీ చెరో గేటు ఫంక్షన్. రెండింట్లోనూ వివరాలు దాచుకోవడాన్ని పరీక్షించే మెథడ్ ఉంది. మీరు రెండుచోట్లా దానికి 'టెస్ట్‌సేవ్' అని పేరు పెట్టారు. ఇందులో తప్పేం లేదు, అందరూ అలాగే పెడతారు.

ఎడిటర్ ఎక్కడ తడబడుతుంది?

వీఎస్ కోడ్ 2015లో వచ్చింది. అందులో గో భాషకు పనికొచ్చే ఎక్స్‌టెన్షన్ బాధ్యతను 2020 జూన్‌లో గో బృందమే తీసుకుంది. ఈ ఎక్స్‌టెన్షన్ మీ ఫైలు చదివి ప్రతి టెస్టు పైనా 'రన్ టెస్ట్', 'డీబగ్ టెస్ట్' అని చూపిస్తుంది. సూట్ మెథడ్ల పైనా చూపిస్తుంది. మీరు నొక్కగానే అది 'గో టెస్ట్' కమాండ్ ఒకటి తయారుచేసి నడుపుతుంది. అంటే ఎడిటర్ సొంతంగా టెస్టు చేసేదేమీ లేదు, మీ తరఫున కమాండ్ రాసిపెడుతుందంతే. ఆ కమాండ్ తప్పయితే ఫలితమూ తప్పే. ముఖ్యంగా మూడు చోట్ల తేడా వస్తుంది.

ఒకటి: పేరు ఒకటే, సూట్లు రెండు. టెస్టిఫైలో ఏ మెథడ్ నడపాలో చెప్పడానికి 'టెస్టిఫై డాట్ ఎం' అనే ఫ్లాగ్ ఉంది. ఎడిటర్ గేట్లన్నీ తెరిచి, ఈ ఫ్లాగ్‌కు 'టెస్ట్‌సేవ్' అనే పేరు మాత్రమే ఇస్తే ఏమవుతుంది? నీటి సూట్‌లో టెస్ట్‌సేవ్, మేత సూట్‌లో టెస్ట్‌సేవ్ రెండూ నడుస్తాయి. మీరు సరిచేసింది నీటి కోడ్, ఫెయిలైంది మేత టెస్టు. గంటసేపు నీటి కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. డీబగ్ చేస్తుంటే ఇంకా గందరగోళం, మీరు అనుకోని సూట్ కూడా మధ్యలో నడుస్తుంటుంది. ఇద్దరు రైతులు నీళ్ల సీసాల మీద '3వ గుంట' అని మాత్రమే రాసి ల్యాబ్‌కు పంపినట్టన్నమాట. ఎవరి ఫారంలో 3వ గుంటో ల్యాబ్‌కు ఎలా తెలుస్తుంది?

రెండు: గేటు ఒక ఫైల్లో, గుంటలు ఇంకో ఫైల్లో. సూట్ పెద్దదైతే మెథడ్లను నాలుగైదు ఫైళ్లకు పంచుతారు. గేటు ఫంక్షన్ మాత్రం ఒక్క ఫైల్లోనే ఉంటుంది. ఎడిటర్ మీరు తెరిచిన ఫైల్లోనే గేటు కోసం వెతికితే దానికి దొరకదు. అప్పుడు పనికిరాని కమాండ్ తయారవుతుంది, అడిగిన టెస్టు నడవదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఇచ్చిన పేరుతో ఒక్క టెస్టూ దొరక్కపోతే 'గో టెస్ట్' దాన్ని ఫెయిల్ అనదు. 'నడపడానికి టెస్టులేవీ లేవు' అని ఇంగ్లిష్‌లో ఒక హెచ్చరిక ఇచ్చి, కింద పాస్ అనే రాస్తుంది. టెస్టిఫై ఫ్లాగ్‌కు ఇచ్చిన పేరు కలవకపోతే ఇంకా మౌనం. గేటు ఫంక్షన్ నడుస్తుంది, లోపల ఒక్క మెథడూ నడవదు. ఆ హెచ్చరిక కూడా వివరంగా చూపించే ఆప్షన్ పెట్టకపోతే కనపడదు. ఖాళీ సీసా ఇస్తే ల్యాబ్ 'నీళ్లలో దోషమేమీ లేదు' అని చీటీ రాసినట్టు!

మూడు: పేరులో పేరు. 'గో టెస్ట్'కు మీరిచ్చే పేరు అచ్చంగా పేరు కాదు, ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. 'టెస్ట్‌సేవ్' అని ఇస్తే 'టెస్ట్‌సేవ్‌ఆల్' కూడా అందులో పడిపోతుంది. మొదట్లో టోపీ గుర్తు, చివర్లో డాలర్ గుర్తు పెడితేనే కచ్చితంగా ఆ ఒక్క పేరే కలుస్తుంది. ఎడిటర్ తయారుచేసిన కమాండ్‌లో మీకు ఆ గుర్తులు కనిపించేది ఇందుకే.

సరిదిద్దడం అంటే ఏం చేస్తారు?

సమస్య తెలిశాక మందు కూడా అర్థమవుతుంది. ఎడిటర్‌కు కావాల్సింది పూర్తి చిరునామా.. ఏ గేటు, ఏ మెథడ్. అందుకు మూడు మెట్లు.

మొదట, మీరు నొక్కిన మెథడ్ ఏ స్ట్రక్ట్‌కు చెందిందో చూడాలి. గోలో ప్రతి మెథడ్ పేరుకు ముందు బ్రాకెట్లలో దాని స్ట్రక్ట్ పేరు ఉంటుంది. దీన్నే రిసీవర్ అంటారు. అంటే ఇది నీటి సూట్‌దా, మేత సూట్‌దా అనేది అక్కడే తెలుస్తుంది.

రెండోది, ఏ స్ట్రక్ట్‌ను ఏ గేటు ఫంక్షన్ నడుపుతోందో ఒక పట్టిక తయారుచేయాలి. 'సూట్ డాట్ రన్' పిలుపు ఎక్కడెక్కడ ఉందో వెతికి, దాని బ్రాకెట్లలో ఏ స్ట్రక్ట్ పేరుందో రాసుకోవాలి. తెరిచిన ఫైలు ఒక్కటే చూస్తే చాలదు. అదే ప్యాకేజీలోని టెస్టు ఫైళ్లన్నీ చూడాలి.

మూడోది, ఆ పట్టిక చూసి కమాండ్ కట్టాలి. సరైన గేటు పేరు, సరైన మెథడ్ పేరు.. రెండూ అటూ ఇటూ గుర్తులతో బిగించి ఇవ్వాలి. టెస్టిఫై మెథడ్లు గో దృష్టిలో గేటు ఫంక్షన్‌కు సబ్‌టెస్టులుగా నడుస్తాయి కాబట్టి, గేటు పేరు, ఏటవాలు గీత, మెథడ్ పేరు ఇచ్చినా పని జరుగుతుంది. సబ్‌టెస్టులు 2016లో గో 1.7 వెర్షన్‌తో వచ్చాయి.

వీఎస్ కోడ్ గో ఎక్స్‌టెన్షన్‌లో ఈ చిక్కుల్ని సరిచేసింది ఈ దారిలోనే. అయితే ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. ఎడిటర్ మీ ప్రోగ్రామ్‌ను నడిపి తెలుసుకోవడం లేదు, పైపైన చదివి ఊహిస్తోంది. 'సూట్ డాట్ రన్' బ్రాకెట్లలోనే స్ట్రక్ట్‌ను కొత్తగా సృష్టిస్తే సులువుగా గుర్తుపడుతుంది. మీరు ముందు వరుసలో ఒక వేరియబుల్‌లో దాచి, తర్వాత ఆ వేరియబుల్‌ను ఇచ్చారనుకోండి, అక్షరాల నమూనా చూసి వెతికే పద్ధతికి అది చిక్కదు. కాబట్టి గేటు ఫంక్షన్‌ను సాదాగా, ఒకే వరుసలో రాయడం మీకే మంచిది.

పైతాన్, జావా వాళ్ల సంగతి?

'నాకు గో రాదు కదా' అని పేజీ తిప్పేయకండి. చిరునామా సమస్య అన్ని భాషల్లోనూ ఉంది, పరిష్కారాలే వేరు. పైతాన్‌లో పైటెస్ట్‌కు పూర్తి చిరునామా ఇవ్వొచ్చు. ఫైలు పేరు, రెండు కోలన్లు, క్లాసు పేరు, మళ్లీ రెండు కోలన్లు, మెథడ్ పేరు. జావాలో మేవెన్‌తో నడిపితే క్లాసు పేరు, హ్యాష్ గుర్తు, మెథడ్ పేరు ఇవ్వాలి.

ఖాళీ సీసా విషయంలో కూడా తేడా ఉంది. టెస్టు ఒక్కటీ దొరక్కపోతే పైటెస్ట్ 5 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. అంటే పాస్ కిందికి రాదు. మేవెన్ అయితే, మీరడిగిన టెస్టు దొరకలేదని బిల్డ్‌నే ఆపేస్తుంది. గో మాత్రం హెచ్చరించి వదిలేస్తుంది. మీ భాషలో ఏం జరుగుతుందో తెలుసుకుని ఉండండి. 'లేని టెస్టు పేరు ఇస్తే ఏమవుతుంది?' అనేది ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నే.

మన తీరం చెప్పే పాఠం

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తే, పులికాట్ పక్కనున్న శ్రీహరికోట వైపు ఒకసారి చూడండి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా, 2022 దాకా అది నెల్లూరు జిల్లాలోదే. 1993 సెప్టెంబరు 20న పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం అక్కడే జరిగింది. ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. రెండు, మూడు దశలు విడిపోయే వేళ రాకెట్ అదుపు తప్పింది. దాన్ని సరిచేయాల్సిన పిచ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లోని లోపమూ వైఫల్యానికి కారణమని తేలింది. లోపాలు దిద్దుకుని, 1994 అక్టోబరు 15న రెండో ప్రయోగంలో విజయం సాధించారు.

పరీక్షలు చేయకుండా ఎవరూ రాకెట్ ఎగరేయరు. కానీ చేసిన పరీక్షలు పాసవడం వేరు, అవసరమైన పరిస్థితిని పరీక్షించడం వేరు.

రెండో ఉదాహరణ 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ టీవీ-డీ1 ప్రయోగం. ఇంకా 5 సెకన్లు ఉందనగా ఏదో తేడా ఉందని కంప్యూటర్ గుర్తించి కౌంట్‌డౌన్ ఆపేసింది. కారణం పట్టుకుని, సరిచేసి, అదే రోజు ఉదయం 10 గంటలకు ప్రయోగించారు. అనుమానం వస్తే ఆపేయాలి, పాస్ అని వదిలేయకూడదు. మీ టెస్టు రన్నర్ నుంచి మీరు ఆశించాల్సింది కూడా ఇదే.

ఒక సాయంత్రం చాలు.. చేసి చూడండి

చదివితే సరిపోదు, చేతులతో చేస్తేనే ఇంటర్వ్యూలో నోరు పెగులుతుంది. లాప్‌టాప్‌లో గో, వీఎస్ కోడ్, గో ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని ఇవి ప్రయత్నించండి.

• ఒకే ప్యాకేజీలో రెండు సూట్లు రాయండి. రెండింట్లోనూ ఒకే పేరుతో ఒక మెథడ్ పెట్టండి. ఒకదాన్ని కావాలనే ఫెయిలయ్యేలా రాయండి. పాసయ్యేదాని పైన 'రన్ టెస్ట్' నొక్కండి. ఎర్ర గుర్తు వస్తే రెండోది కూడా నడిచినట్టే.

• అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి, 'రన్నింగ్ టూల్' అని మొదలయ్యే వరుస చదవండి. ఎడిటర్ కట్టిన కమాండ్ అదే. దాన్ని కాపీ చేసి టెర్మినల్‌లో నడపండి. చివర్లో హైఫన్ 'వి' చేర్చి మళ్లీ నడపండి. ఏ గేటు కింద ఏ మెథడ్ నడిచిందో వరుసగా కనిపిస్తుంది.

• గేటు ఫంక్షన్‌ను వేరే ఫైల్లోకి మార్చి మళ్లీ నొక్కండి. తర్వాత దాన్ని వేరియబుల్ పద్ధతిలో రాసి నొక్కండి. కమాండ్‌లో ఏం మారిందో రాసుకోండి.

• టెర్మినల్‌లో లేని మెథడ్ పేరు ఇచ్చి చూడండి. పాస్ అని వస్తుంది. ఆ పాస్‌ను ఒకసారి కళ్లారా చూస్తే ఇక మర్చిపోరు.

• ఒక టెస్టులో 40 సెకన్లు ఆగేలా రాయండి. ఎడిటర్‌లో ఫెయిలవుతుంది, టెర్మినల్‌లో పాసవుతుంది. ఎక్స్‌టెన్షన్ మామూలుగా 30 సెకన్ల గడువు పెడుతుంది, టెర్మినల్‌లో గడువు 10 నిమిషాలు. 'నా మెషీన్‌లో బాగానే ఉంది' అనే గొడవల్లో ఇలాంటివీ ఉంటాయి.

• అదే టెస్టును టెర్మినల్‌లో ప్యాకేజీ పేరుతో రెండుసార్లు నడపండి. రెండోసారి 'క్యాష్డ్' అని కనిపిస్తే అది పాత ఫలితమే, టెస్టు మళ్లీ నడవలేదు. 'కౌంట్' ఫ్లాగ్‌కు 1 ఇస్తే కొత్తగా నడుస్తుంది.

ఇంకో జాగ్రత్త. 'టెస్టిఫై డాట్ ఎం' ఫ్లాగ్‌ను టెస్టిఫై సూట్ వాడని ప్యాకేజీకి ఇస్తే అలాంటి ఫ్లాగే లేదని గో ఎదురు తిరుగుతుంది. ప్రాజెక్టు మొత్తానికి ఒకేసారి ఇచ్చినప్పుడు కొన్ని ప్యాకేజీలు అకస్మాత్తుగా ఫెయిలవడానికి ఇదొక కారణం.

లోపం దొరికితే అదే అవకాశం

ఈ ప్రయోగాల్లో ఎడిటర్ తప్పుగా నడుచుకుందనిపిస్తే పండగే. వీఎస్ కోడ్ గో ఎక్స్‌టెన్షన్, టెస్టిఫై రెండూ ఓపెన్ సోర్స్. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, ఎవరైనా చదవొచ్చు. ఎక్స్‌టెన్షన్ టైప్‌స్క్రిప్ట్‌లో రాసింది కాబట్టి జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకు కొత్తగా ఉండదు.

ముందుగా అదే ఫిర్యాదు ఇంతకుముందు ఎవరైనా పెట్టారేమో వెతకండి. లేకపోతే మీరు పెట్టండి. మంచి ఫిర్యాదులో నాలుగు విషయాలుంటాయి. వీలైనంత చిన్న ఉదాహరణ కోడ్, మీరు నొక్కింది ఏమిటి, రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి. గో, ఎడిటర్, ఎక్స్‌టెన్షన్ వెర్షన్లు కూడా రాయండి. 400 వరుసల ప్రాజెక్టు పంపితే ఎవరూ చదవరు. 20 వరుసల్లో లోపం చూపిస్తే వెంటనే అర్థం చేసుకుంటారు. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, వాక్యాలు చిన్నగా, తేటగా ఉంటే చాలు.

పరిష్కారం కూడా రాయాలనుకుంటే, ఆ లోపాన్ని పట్టుకునే టెస్టు ముందు రాయండి. అది ఫెయిలవుతుందని చూపించి, తర్వాత కోడ్ దిద్దండి. ఈ ప్రాజెక్టులోకి కోడ్ పంపాలంటే గూగుల్ కాంట్రిబ్యూటర్ ఒప్పందానికి ఆన్‌లైన్‌లో అంగీకారం తెలపాలి. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెడితే, దాన్ని ఒక బాట్ గెరిట్ అనే రివ్యూ వేదికకు తీసుకెళ్తుంది. అక్కడ అనుభవజ్ఞులు వరుస వరుసకూ వ్యాఖ్యలు రాస్తారు. మార్చమంటే చిన్నబోకండి. ఫీజు కట్టకుండా దొరికే శిక్షణ ఇది. మీ మార్పు తీసుకోకపోయినా, ఆ చర్చ మొత్తం మీ పేరు మీద బహిరంగంగా ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

'టెస్టింగ్ తెలుసు' అని రాసేకంటే 'ఒకే పేరున్న మెథడ్లు రెండు సూట్లలో ఉన్నప్పుడు ఎడిటర్ ఏది నడుపుతుందో పరీక్షించి, ఉదాహరణ కోడ్‌తో గిట్‌హబ్‌లో పెట్టాను' అని రాయండి. చేస్తేనే రాయండి సుమా! రెండో ప్రశ్నలోనే దొరికిపోతారు. అడిగితే ఈ వరుసలో చెప్పండి.

• లక్షణం: అడిగింది ఒక టెస్టు, నడిచింది రెండు. లేదా ఒక్కటీ నడవకుండానే పాస్ వచ్చింది.

• కారణం: ఎడిటర్ మెథడ్ పేరు మాత్రమే పంపింది, సూట్ ఏదో చెప్పలేదు. లేదా గేటు ఫంక్షన్ ఇంకో ఫైల్లో ఉండటంతో దానికి దొరకలేదు.

• మందు: రిసీవర్ చూసి స్ట్రక్ట్ కనుక్కోవడం, ప్యాకేజీ అంతా వెతికి గేటుకూ స్ట్రక్ట్‌కూ పట్టిక కట్టడం, రెండు పేర్లూ బిగించి కమాండ్ ఇవ్వడం.

• పరిమితి: అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి కనుక, మరోలా రాసిన కోడ్‌ను అది గుర్తించలేకపోవచ్చు.

పరిమితి చెప్పడం మర్చిపోవద్దు. తాను చేసిన పని ఎక్కడి దాకా పనికొస్తుందో చెప్పగలిగేవాళ్లను టీమ్‌లోకి తీసుకోవడానికి ఎవరైనా ఇష్టపడతారు.

ఇప్పుడు మొదటి రెండో ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంది. 'నొక్కాక ఆ ఒక్కటే నడిచిందని ఎలా తెలుసు?' అంటే, 'అవుట్‌పుట్‌లో కమాండ్ చదువుతాను. వివరంగా నడిపి, ఏ సూట్ కింద ఏ మెథడ్ నడిచిందో చూస్తాను. నమ్మకం కుదరకపోతే, కోడ్‌ను కావాలనే చెడగొట్టి ఆ టెస్టు ఫెయిలవుతుందో లేదో చూస్తాను' అనండి. ఈ మూడు వాక్యాలు బట్టీ పట్టక్కర్లేదు. ఒక సాయంత్రం పైన చెప్పిన ఆరూ చేస్తే వాటంతట అవే వస్తాయి.